నాకన్న ముందుగాల సేటు

ఆసిఫాబాద్
దసర పోయినంక, 1961

అక్క రాజక్కకు తమ్ముడు బుచ్చిరాములు శనార్థి.

బావకు, పిల్లలకు మా శనార్థులు చెప్పు. నేను, లస్మవ్వ పానంతోటి ఉన్నం. లస్మవ్వకు కడుపు కనవడుతున్నది. గంతకు మించి చెప్పుకునే మంచి ముచ్చట ఒక్కటి లేదు.

గీడ టేకు మొద్దులు కోసే మిషిని ఉన్నది. విఠల్ దాదా అని మరాఠాయన నడుపుతుండు. మన వడ్ల గిర్నిల ఉన్న అసొంటి ఆయిల్ ఇంజనే ఆయిన తాన ఉన్నది. షురూ చేసి సూపెట్టిన. దాదా కుశి అయ్యిండు, "రేపట్నుంచి రా" అన్నడు. నేను ఇంటికొచ్చి లస్మవ్వకు చెప్తె, అది పొయ్యి మీద పెట్టిన గట్క దించుడు మరిచి నవ్వుకుంట కూసున్నది. గట్క మాడిపోయింది. మాడిన గట్కనే తిన్నం, తియ్యగనే ఉండె.

తెల్లారి పోతె దాదా మొకం మాడిపోయి ఉన్నది. "మీ పాత సేటు వచ్చి పోయిండు. గీ గద్దె మీదనే కూసున్నడు. నువ్వు తాగి ఇంజన్ నడిపి ఒక ఆడామెను సంపినవట గద. నా తాన రంపం పని. తాగువోతు నాకు వద్దు రే బాబా" అన్నడు.

అక్కా, నాగయ్య సేటుకు నేనేం పాపం చేసిన్నే? నీకెరుకే గని మల్ల చెప్త, చెప్పకుంటె కడుపు ఉబ్బి సచ్చెటట్టున్న. గిర్నిల ఇంజన్ తిప్పే తోలు పట్టాకు అడ్డమున్న తడకను తీపిచ్చింది ఆయిన. తవుడు ఎత్తనీకి తొవ్వ అడ్డమైతున్నదట. "వద్దు సేటూ, ఆడోళ్ళు కిందికెళ్ళి తిరుగుతరు, ఎవలదన్న పైట పడుతది" అని మొత్తుకున్నది నేను. గా శుక్రారం ఇంజన్‌కు మొక్కి నేల మీద కల్లు సాక పొయ్యమన్నది గూడ ఆయినే. ప్రతి శుక్రారం పోసేదే గద, పోసిన. ఐలవ్వ తవుడు ఎత్తుకుంట వంగింది, పైట పట్టాల పడ్డది. ఉత్త చేతులతోటి పట్టా గుంజి పడేసిన. అరచేతుల తోలు ఊడింది గని పిల్ల దక్కలే. పోలీస్ పటేల్ వచ్చెటాళ్ళకు నా అంగి మీద సాక పోసినప్పుడు చిందిన కల్లు వాసన ఉండె. సేటు గదే పట్టుకున్నడు. తాగి నడిపిండు అన్నడు. ఐలవ్వను కన్న లింగవ్వ గడప కాడికి పోయి మరీ చెప్పిండు. నా చేతుల పుండ్లు ఎవ్వలు సూడలే, అంగి వాసన సూసిన్రు.

మంచిర్యాలల ఒకాయన పని ఇస్తనని మల్ల గిదే మాటకు ఎల్లగొడితె, సేటు లారీలోళ్ళతోని మాట పంపిండేమో అనుకున్న. ఇప్పుడు సొంతంగ గోదారి దాటి గీ అడివిలకొచ్చి నా కూట్లె మన్ను పోస్తుండు. బావ ఆయిన కాడ కాంటా పడుతడు గద, జర అడుగుమను. ఇంక నా తాన ఏం మిగిలిందని గుంజుకుంటడట?

నీ తమ్ముడు
బుచ్చిరాములు


చొప్పదండి
కార్తీకం

తమ్మి బుచ్చిరాములుకు అక్క రాజక్క రాసేది.

నీ జాబు అందింది. సంగపోళ్ళు రాత్రి బడిల నేర్పిన నాలుగక్షరాలు గిసొంటి రాతలకు పనికొస్తయని అనుకోలే. లస్మవ్వను బరువులు ఎత్తనియ్యకు. మాడిన గట్క పెట్టకు దానికి, నీకు తియ్యగుంటె నువ్వు తిను.

నువ్వు తాగుడేందిరా! పీర్ల పండుగకు బావ బలిమికి ముంత చేతుల పెడితె వాసనకే వాంతి చేసుకున్నోనివి. నరం లేని నాలుక, ఎట్లైన తిరుగుతది. గని నువ్వు రాసిందాంట్ల ఒక్కటి కుదురుతలేదు. సేటు యాడికీ పోలే. దసర నుంచి ఊరు దాటలే. ఎందుకని అడగకు, చెప్పొద్దని బావ ఒట్టు పెట్టిండు. గా దాదాకు ఎవలో చెప్పుంటరు, ఆయిన ఇంకెవల్నో సూసి సేటనుకున్నడు. నువ్వు కండ్లార సూసినవా? సూడలే గద. మంది మాటలు విని మారుమనువు పోతె మల్లొచ్చెటాళ్ళకు ఇల్లు గుల్లయిందట. వేరే పని సూసుకో.

బావ సేటును అడుగడు. ఆయిన ఉప్పు తింటున్నం. నీకు కోపమొస్తది, రానియ్యి.

లింగవ్వ ముచ్చట రాయద్దనుకున్న గని రాయకుంటె ఎవలితోని చెప్పుకోవాలె? అవ్వ సచ్చిపోయినంక మన ఇద్దరికి బువ్వ కలిపి పెట్టింది గామెనే గద. ఇప్పుడు కండ్లకు పూర్తిగ మసక కమ్మింది. అయినా అడుగుల సప్పుడు వట్టి మనిషిని గుర్తువడుతది. మొన్న బాయి కాడ నా సప్పుడు విని దుమ్మెత్తి పోసింది. "మీ తమ్ముడు నా బిడ్డను మింగిండు. కడియాలు గూడ తియ్యబుద్ధి కాలే నాకు, కాళ్ళకు ఉండంగనే మట్టిల పెట్టిన" అని ఏడ్సింది. నెత్తిల దుమ్ము అట్లనే ఇంటికి తెచ్చుకున్న. తమ్మీ, పని పోతె పని దొరుకుతది. గామె మనసు మల్ల యాడ దొరుకుతది?

నీ అక్క
రాజక్క


ఆసిఫాబాద్
మార్గశిరం

అక్కా, శనార్థి.

నేను అబద్ధం చెప్తున్ననా? సేటు ఊరు దాటలేదా? అయితె ఇది విను.

పత్తి గింజలు తీసే జిన్నుల ఇంజన్ పని ఉన్నదంటె పోయిన. గాడ గుమాస్తా నన్ను సూసుడుతోనే "బుచ్చిరాములువు నువ్వేనా?" అన్నడు. నేను పేరు చెప్పకముందే. "ఇప్పుడే మీ సేటు లేసిపోయిండు, నీకు ఎదురుపడలేదా?" అన్నడు. ఉరికిన. తొవ్వ పొడుగూత సూసిన. ఒక ఎడ్లబండి తప్ప పురుగు లేదు.

మల్ల విఠల్ దాదా కాడికి పోయి కాళ్ళావేళ్ళా పడ్డ. "దాదా, ఆయిన ఎట్లున్నడో చెప్పు" అన్న. చెప్పిండు. నల్ల గొడుగు, చెవులకు పోగులు, బొడ్లె ముక్కుపొడి డబ్బీ. మన సేటే గద? గని ఇంకో మాట చెప్పిండు. కుడి చెయ్యిని ఎడమ చేతుల పట్టుకోని, పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఒళ్ళె పెట్టుకున్నడట. మాట నత్తి నత్తిగ వచ్చిందట. మంచినీళ్ళు అడిగిండట. ఇస్తె తాగిండు గని నీళ్ళన్ని మూతి పక్కకెళ్ళి కారిపోయినయట. మూడు చెంబులు పోసినా "దూప, దూప" అన్నడట.

నిన్న గూడ వచ్చి పోయిండట. దాదా నన్ను రంపం కాడికి తోలుకపోయి సూపెట్టిండు. గాడ ఎప్పుడు మోకాలు మందం రంపం పొట్టు పడి ఉంటది. అండ్ల అడుగులున్నయి అక్కా. ఒక్క పాదమే. రెండో దిక్కు పాదం లేదు, ఉత్త గీత. కట్టెను గుంజుకపోయినట్టు. గద్దె దాక వచ్చినయి. మల్ల పోయిన అడుగులు లేవు.

నాకు బుగులైంది. గని నీ మీద కోపం అంతకన్న ఎక్కువైంది. సేటు కాలుకు ఏమైంది? నీకెరుకనే. బావ ఒట్టు బావ కాడనే పెట్టుమను, నాకు చెప్పు. నా పెండ్లాం ఎవలింట్లనో నీళ్ళు మోసి తెచ్చిన కూడు తింటున్న. ఇంకెన్ని దినాలు?

బుచ్చిరాములు


చొప్పదండి
మార్గశిరం

తమ్మీ,

నీ జాబు బావకు చదివి వినిపిచ్చిన. సగం వినంగనే ఆయిన లేసి అవుతలికి పోయిండు. మల్ల వచ్చి "రాసెయ్" అన్నడు. రాస్తున్న.

దసర నాడు సేటు పడిపోయిండు. నువ్వు పోయినంక వచ్చిన డ్రైవర్ ఇంజన్ మాట విననే లేదు. ఆయుధపూజకు గుమ్మడికాయ కొట్టిన్రు, మంది నిలవడ్డరు, ఇంజన్ లేస్తలేదు. సేటుకు తల తీసేసినట్టయింది. తనే హ్యాండిల్ పట్టి తిప్పిండు. తిప్పినోడు తిప్పినట్టే పడ్డడు. కుడి పక్కంత పోయింది. చెయ్యి లేదు, కాలు లేదు, నాలుక లేదు. గిర్ని ఎనుక అర్రల పండవెట్టి తలుపులు మూసిన్రు. సేటు పడిపోయిండంటె రైతులు వడ్లు వేరే గిర్నికి కొంటవోతరని బయట చెప్పనియ్యలే.

పక్క మీద బొర్లనీకి రానోడు నీ ఆసిఫాబాదుకు ఎట్ల వచ్చిండురా? నాకు ఎరుక లేదు. నేను సూసింది చెప్త. సేటు పెండ్లాం సావుకారమ్మ నన్ను సాయానికి పిలుస్తది, ఒళ్ళు తుడుస్తందుకు. ఒక్కొక్క పొద్దు సేటు కండ్లు తెరిచే ఉంటయి, గని మనిషి అండ్ల ఉండడు. పిలిస్తె రెప్ప కొట్టడు. గట్లనే ఉన్న ఒక దినం కాళ్ళు తుడుస్తుంటె ఎడమ పాదానికి ఎర్రగ ఏందో అంటుకోని ఉన్నది. నేను తవుడనుకున్న. తవుడు గాదు. ఏల్లతోని నలిపి సూసిన, వాసన సూసిన. టేకు పొట్టు తమ్మీ. గిర్నిల ఊక ఉంటది, తవుడు ఉంటది, నూక ఉంటది. టేకు పొట్టు యాడిది? సావుకారమ్మ సూసి కొంగు నోట్ల కుక్కుకున్నది.

పానం పోతలేదు, ఉంటలేదు. ముసలోళ్ళు ఒక్కటే మాట అంటున్నరు. ఆడిన అబద్ధం మనిషిని పండనిస్తలేదు, తిప్పుతున్నది. మాట పోతెనే మనిషి పోతడు. ఆయిన చేతుల అన్యాలమైనోడు వచ్చి నోట్లె తులసి నీళ్ళు పోసి, "నీకు నాకు చెల్లు, నీ తొవ్వ నువ్వు పో" అంటెనే పానం విడుస్తదట. సావుకారమ్మ నా చేతులు పట్టుకున్నది. "మీ తమ్మున్ని రమ్మను రాజవ్వా" అని ఏడ్సింది. నాకు ఆమె మీద కోపమే రాలే.

రా. జల్ది రా.

రాజక్క


ఆసిఫాబాద్
పుష్యం

అక్కా,

నేను రాను. ఎందుకు రావాలె? అబద్ధం ఆడనీకి నది దాటి వచ్చేంత కాళ్ళున్నయి ఆయినకు. నిజం చెప్పనీకి నాలుక పడిపోయిందా? గా నాలుక మల్ల లేస్తె అప్పుడు వస్త. అందరి ముంగట "బుచ్చిరాములు తాగలే, తడక నేనే తీపిచ్చిన" అనుమను. అప్పుడు తులసి నీళ్ళు గాదు, పాలు పోస్త. గట్లనే దూపకు దూపకు తండ్లాడనియ్యి. ఐలవ్వ గూడ తండ్లాడి పోయింది. సావుకారమ్మకు చెప్పు.

జాబు డబ్బల ఎయ్యక ముందే మల్ల రాస్తున్న.

లస్మవ్వ మధ్యాన్నం బాయి కాడికి పోయింది. వచ్చి బిందె దించి "ఎవలో ముసలాయన, పాపం, ఒక్క కాలు గుంజుకుంట వచ్చి నీళ్ళు అడిగిండు. దోసిట్ల పోసిన. పోసిన నీళ్ళు పోసినట్టే కింద పడ్డయి, దోసిలి తడువలే" అన్నది. దానికి సేటు మొకం ఎరుక లేదు. నేను చెప్పలే. అదే మల్ల "మీ బుచ్చిరాములు మంచోడా అని అడిగిండు. మంచోడే అన్న. ఏడ్సిండు" అన్నది.

నేను ఇంట్ల గోడకు ఒరిగి కూసున్న. అది నా దిక్కు సూసి, ఏం అర్థమైందో ఏమో, "పో. ఎవలైతేంది, దూపకున్నడు. పోసి రా" అన్నది.

వస్తున్న. గని నీళ్ళు పొయ్యనీకి గాదు, అడగనీకి.

బుచ్చిరాములు


ఆసిఫాబాద్
మాఘం

అక్కా, శనార్థి. మంచిగనే చేరుకున్న. చేరుకున్నం అనాల్నో, చేరుకున్న అనాల్నో నాకే తెలుస్తలేదు.

సేటు అర్రలకు నన్నొక్కన్నే పంపిన్రు గద, మీరంత అవుతల నిలవడ్డరు. నీళ్ళు పోసిండు, పానం పోయింది, పుణ్యాత్ముడు అని నా ఈపు తట్టిన్రు. లోపట నేనేమన్ననో మీకు చెప్పలే. ఇప్పుడు చెప్పకుంటె నడువది.

సూసుడుతోనే నా కోపమంత యాడికో పోయింది అక్కా. గా పెద్ద మనిషి ఎండిన చిక్కుడుకాయ తీరు పండుకోని ఉన్నడు. నాకు పదహారేండ్లప్పుడు ఇంజన్ మీద చెయ్యి పెట్టనిచ్చింది గా చెయ్యే గద. పండి ఉన్నది, ఎవలదో వస్తువు పక్కన పెట్టినట్టు. నన్ను సూసి కంట్లెకెళ్ళి నీళ్ళు కారినయి. తులసి నీళ్ళు పోసిన. గుటక పడ్డది. అప్పుడు "నీకు నాకు చెల్లు" అనాలె. నోటి దాక వచ్చింది. గని లస్మవ్వ కడుపు యాదికొచ్చింది, అది మోసే నీళ్ళు యాదికొచ్చినయి, లింగవ్వ యాదికొచ్చింది. "చెల్లు అంటె నీకు చెల్లుతది సేటూ, నాకేం చెల్లుతది? నా ఎంబడి రా. నోటితోని అన్నవు, నోటితోనే తీసుకో. రా" అన్న. గప్పుడే పోయిండు.

గోదారి కాడ పడవ ఎక్కుతుంటె పడవాయన నా మీద గరమైండు. "ముసలాయన చెయ్యి పట్టుకోవేందయ్యా, కాలు గుంజుతున్నది కనవడుతలేదా?" అన్నడు. ఎనుకకు తిరిగి సూసిన. నాకు ఎవ్వలు కనవడలే. నాకు ఎన్నడు కనవడడు, ముందుగాల్నుంచి గంతే. గట్లనే ఉత్త గాలిలకు చెయ్యి చాపిన. సల్లగ తగిలింది. నది దాటేదాక పట్టుకోని కూసున్న. భయమైంది అంటె అబద్ధం. ఏడుపొచ్చింది.

విఠల్ దాదా ఎదురొచ్చిండు. "మీ సేటు పొద్దున్నే వచ్చిండు. దండం పెట్టిండు. గాయిన తాగలే, తడక నేనే తీపిచ్చిన, పాపం నాది అన్నడు. గీసారి మాట సాపుగ వచ్చింది. పో, మిషిని షురూ చెయ్యి" అన్నడు. జిన్నుకు గూడ పోయి చెప్పి వచ్చిండట. సచ్చిపోయిండని నేను దాదాకు చెప్పలే. చెప్తె ఉన్న పని పాయె.

పని దొరికింది. అన్నది అన్నట్టే చేసిండు. గని పోతలేడు. మొద్దుల కోతోళ్ళు "మీ సేటు మల్ల వచ్చిండు, గద్దె మీద కూసున్నడు" అని చెంబుల నీళ్ళు పెడుతున్నరు. పొద్దు గూకెటాళ్ళకు చెంబు ఖాళీ, కింద నేల తడి. నిన్న లస్మవ్వ "గా ముసలాయన మన వాకిట్ల కూసుంటుండు, ఏం అడుగడు, నా కడుపు దిక్కు సూస్తడు" అన్నది. అక్కా, దానికి నెలలు దగ్గరికొచ్చినయి. నేనేం చేద్దు?

బుచ్చిరాములు


చొప్పదండి
మాఘం

ఓరి నీ బుద్ధిల మన్ను వడ! సచ్చేటోన్ని పొమ్మంటరు గని రమ్మంటరురా? ఏడనన్న విన్నవా? సావింటి కాడికెళ్ళి లేసొచ్చెటప్పుడు "పోయొస్త" అని గూడ అనొద్దని అవ్వ మనకు ఎన్నిసార్లు చెప్పింది? నువ్వేమో పీనుగను చుట్టాన్ని పిలిచినట్టు పిలిచి పడవల చెయ్యి పట్టుకోని తోలుకపోయినవు. కొట్టాల్నో, దగ్గరికి తీసుకోవాల్నో తెలుస్తలేదు నాకు.

కోపం అయిపోయింది. ఇప్పుడు విను. రెండు పొద్దులు కూడు తినబుద్ధి కాలే, గిదే సోచాయించిన.

నువ్వు ఏమని పిలిచినవు? నోటితోని అన్నది నోటితోనే తీసుకొమ్మన్నవు. ఆయిన మాట తప్పుతలేడు. బతికినప్పుడు తప్పినోడు సచ్చినంక తప్పుతలేడు. నీ కడుపు కొట్టిన కాడ తీసుకున్నడు. గని మొదటి అబద్ధం గాడ చెప్పలే గద? లింగవ్వ గడప కాడ చెప్పిండు. కడుపుకోత ఉన్న మనిషికి చెప్పిండు. గా ఒక్క గడప మిగిలింది ఆయినకు. పొమ్మన్నోడు లేక నీ వాకిట్ల కూసున్నడు. పిలిచినోడే పంపాలె.

సాక పోసి పంపు. కల్లు సాకనే పొయ్యి. నువ్వు గా దినం నుంచి సాకకు గూడ కల్లు ముంత ముట్టలేదని నాకెరుకే. ఏ కల్లు మీద అబద్ధం పుట్టిందో గా కల్లు మీదనే పోవాలె. లింగవ్వ ఇంటి తొవ్వ చెప్పు. ఈసారి మల్ల రమ్మనకు. నీ కాళ్ళు మొక్కుత, రమ్మనకు.

నాకు మాత్రం బుగులుగనే ఉన్నది. ముసలిది గుండె ఆగి సచ్చిపోతెనో?

రాజక్క


ఆసిఫాబాద్
మాఘం

అక్కా,

నువ్వు చెప్పినట్టే చేసిన. కోతోళ్ళు బువ్వకు పోయిన్రు, ఇంజన్ ఆపి ఉన్నది. గద్దె ఎదురుంగ నేల మీద కల్లు పోసిన. వాసనకు గా దినమంత కండ్ల ముంగట తిరిగింది. కనవడనోనితోని మాట్లాడుడు నాకు రాదు, అయినా మాట్లాడిన.

"సేటూ, నా పని అయింది. నా కూడు నాకు ఇచ్చినవు. ఇంజన్ పని నేర్పినవు, గది గూడ మరువలే. ఇగ లింగవ్వ ఉన్నది. కచ్చేరు ఎనుక, చింతచెట్టు దాటినంక గూనపెంకల ఇల్లు. నీకెరుకే, ఒక్కసారి పోయినవు. గాడికి పో. గాడ చెప్పినంక నీకు నాకు చెల్లు. నీ తొవ్వ నీది."

చెప్పిన. గద్దె మీద పెట్టిన చెంబు నీళ్ళు కదిలినయి, ఎవలో లేసినట్టు.

గా దినం నుంచి ఎవ్వలకు కనవడుతలేడు. చెంబు నిండినట్టే ఉంటున్నది. దాదా "మీ సేటు కోపమైండా ఏంది?" అని అడుగుతుండు. పనికి పోతున్న. రంపానికి, పట్టాకు తడక కట్టుకున్న, దాదా వద్దన్నా వినలే. లస్మవ్వ వాకిలి ఊడ్సి ముగ్గేసింది. నాకైతే నిమ్మళం లేదు. ఆయిన చేరుకున్నడా? లింగవ్వ ఎట్లున్నది? జల్ది రాయి. నా పని ముచ్చట అడుగకు, గామె ముచ్చట రాయి.

బుచ్చిరాములు


చొప్పదండి
శివరాత్రి దగ్గరికొచ్చింది

తమ్మి బుచ్చిరాములుకు, మరదలు లస్మవ్వకు అక్క రాసేది.

నేను పొయ్యి కాడ ఉన్న. వాకిట్ల కట్టె సప్పుడైంది. లింగవ్వ. గోడలు పట్టుకుంట, ఎవల సాయం లేకుంట మా ఇంటికి వచ్చింది. ఐలవ్వ పోయినంక మా గడప తొక్కలే గద. దుమ్మెత్తి పోస్తదని కొంగు నెత్తి మీదికి గుంజుకున్న. గామె నా చెంపలు తడిమి సూసి, "రాజవ్వా, మంచినీళ్ళు పొయ్యే" అన్నది. పోసిన. తాగి అరుగు మీద కూసున్నది. కూసోని చెప్పింది. గామె చెప్పింది చెప్పినట్టే రాస్తున్న, నా మాట ఒక్కటి కలుపుతలేను.

"పొద్దు పొడుపుల గడప కాడ కూసున్న. తొవ్వల ఎవలో ఒక కాలు ఏసుకుంట, ఒక కాలు గుంజుకుంట వస్తున్నరు. గా నడక నేను ఎరుగను, కొత్తది. నా గడప కాడ ఆగింది. 'లింగవ్వా, నేను నాగయ్యను' అన్నడు. గొంతు పట్టిన. సేటు సచ్చిండని నాకెరుకే గద, కాటికి మోసుకపోంగ ఊరంత పోయింది. అయినా భయం కాలే నాకు. నా బిడ్డే పోయినంక ఇంక నాకేం భయం? 'ఏంది సేటూ' అన్న. 'తడక నేను తీపిచ్చిన. పిలగాడు వద్దని మొత్తుకున్నడు. తాగలే. చేతుల తోలు ఊడగొట్టుకున్నడు నీ బిడ్డ కోసం. నేను నీ గడప కాడనే అబద్ధమాడిన' అన్నడు. ఇంట్లకు పోయి చెంబు తెచ్చి, గొంతు వినవడ్డ దిక్కు నీళ్ళు పోసిన. తాగిన సప్పుడైంది. గీసారి నేల మీద నీళ్ళు పడ్డ సప్పుడు కాలే.

మల్ల లేసిండు. కాలు గుంజుకుంట పోతున్నడు. గప్పుడు విన్న రాజవ్వా. ఆయిన ఎనుక ఇంకొకలు నిలవడి ఉన్నరు. నడిస్తె కడియాల సప్పుడు. ఎడమ కడియంల రాయి ఒకటి ఊడి, మోగుడు తక్కువ. సంతల కొన్ననాటి నుంచి గంతే. నా బిడ్డ నడక నాకు ఎరుక లేదా? 'ఐలీ' అన్న. సప్పుడు ఆగింది. నా దగ్గరికి వచ్చింది. గడప కాడ జరసేపు నిలవడ్డది. మల్ల పోయింది. ముందు ఆయిన, ఎనుక నా బిడ్డ. గోదారి దిక్కు. ధర్మపురి పోతె యమపురి లేదంటరు గద. తోలుకపోతున్నదేమో. పోనియ్యి."

గిట్ల చెప్పి గామె ఏడ్వలే. నేనే ఏడ్సిన. బావ గూడ ఎనుక తలుపు చాటున ఏడ్సిండు. అందరం గా దినం గిర్నిలనే ఉన్నం తమ్మీ, ఒక్కలం నోరు తెరువలే. గామెతోని చెప్పనీకి సచ్చినోడు రావాల్సి వచ్చింది.

నేను గామెను ఇంటి దాక తోలుకపోయిన. గడప మీద ఎర్రటి టేకు పొట్టు ఉన్నది, పిడికెడు. ఊడువనీకి చీపురు పట్టిన. "ఉండనియ్యే" అన్నది.

మల్ల లోపటికి పోయి, కుండల మీది కుండ దించి, అడుగున్న పాత చీరె తీసింది. ఐలవ్వది. గా దినం కట్టింది గాదు, పండుగకు కట్టేది, ఎర్ర అంచుది. కడుపు పండినప్పుడు మల్ల కట్టుకుందామని దాసుకున్నదట పిల్ల. నా చేతుల పెట్టింది. "బుచ్చిగాని పెండ్లానికి నెలలు నిండుతున్నయట గద. పుట్టిన బిడ్డకు కొత్త బట్ట పనికిరాదు, ఇంటోళ్ళు కట్టిన పాత చీరె ఉండాలె. వాండ్లకు అవ్వ లేదు, నేనున్న. పంపు" అన్నది. నీకు ఇంకో మాట చెప్పుమన్నది. చేతులు మానినయా అని అడిగింది.

చీరె బావతోని పంపుతున్న. మెత్తగ ఉన్నది, ఉతుకకున్రి. బిడ్డ పుట్టంగనే ముందుగాల గండ్లనే పట్టున్రి.

నీ అక్క
రాజక్క